ఎవరు చెప్పారు? ఏం చెప్పారు?

హరిశ్చంద్రపురం మన జిల్లాలో టెక్కలికి దగ్గరగా, హౌరా-చెన్నై రైలు మార్గం మీద ఉన్న చిన్న ఊరు. అక్కడి నుంచి ఒక కుర్రవాడు అప్పుడప్పుడు నా దగ్గరకు వస్తుంటాడు. డిగ్రీ పూర్తయింది, పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాడు. మదరసాల్లో తర్కశాస్త్రం (మన్‌తిఖ్) కూడా నేర్పుతారని అతనికి ఎవరో చెప్పారట. మొన్న శుక్రవారం నమాజు తర్వాత రీజనింగ్ పుస్తకం పట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

"మౌలానా, ఈ ప్రశ్నకు జవాబు పుస్తకం చివర ఇచ్చారు. కానీ అదే జవాబు ఎందుకయిందో నా బుర్రకు ఎక్కడం లేదు" అన్నాడు.

ప్రశ్న సారాంశం ఇది. తమ కార్యాలయంలో జరిగే అక్రమాలను బయటపెట్టే ఉద్యోగులకు రక్షణ కల్పిస్తూ ఒక రాష్ట్రం చట్టం చేసింది. అంతకు ముందు ఏడాదికి 100 ఫిర్యాదులు వచ్చేవి. చట్టం వచ్చాక 300 వచ్చాయి. వాటిలో విచారణలో రుజువైనవి 120 మాత్రమే. 'కాబట్టి ఈ చట్టం అబద్ధపు ఫిర్యాదులను ప్రోత్సహిస్తోంది' అని ఒక అధికారి తేల్చాడు. ఈ వాదాన్ని బలహీనపరిచే వాక్యం ఏది?

అ) చట్టానికి ముందు వచ్చిన 100 ఫిర్యాదుల్లో రుజువైనవి 40.
ఆ) ఫిర్యాదు చేసినవారిలో కొందరికి పై అధికారులతో పాత తగాదాలున్నాయి.
ఇ) పొరుగు రాష్ట్రంలో ఇలాంటి చట్టం లేదు.
ఈ) చాలామంది ఉద్యోగులకు ఈ చట్టం సంగతే తెలియదు.

పుస్తకం ప్రకారం సరైన జవాబు 'అ'. "నాకు మాత్రం 'ఆ' చదివాక ఆ అధికారి చెప్పిందే నిజమనిపిస్తోంది. తగాదా ఉన్నవాడి మాట ఎలా నమ్ముతాం?" అని అడిగాడు. ఆ తర్వాత కొంచెం ఆగి మరో మాట కూడా అన్నాడు. "మా నాన్న ఒకటే చెబుతుంటారు మౌలానా. ఉద్యోగం వచ్చాక కళ్ళు మూసుకుని నీ పని నువ్వు చేసుకో, సత్యహరిశ్చంద్రుడి వేషం వెయ్యకు అని."

మన తెలుగునాట నిజం చెప్పేవాణ్ణి మెచ్చుకోవడానికీ హరిశ్చంద్రుడి పేరే, ఎగతాళి చేయడానికీ ఆ పేరే. 'నువ్వొక్కడివే పెద్ద సత్యహరిశ్చంద్రుడివా?' అన్న మాటతో ఎన్ని నోళ్ళు మూతపడ్డాయో! కుర్రవాడు అడిగింది పరీక్షలో ఒక మార్కు ప్రశ్నే. కానీ దాని వెనక ఉన్నది ప్రతి ఇంట్లోనూ తల్లిదండ్రులు పిల్లలకు చెప్పుకోవలసిన జవాబు. అందుకే అతనితో జరిగిన చర్చను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

దాగి ఉన్న మాట

మన్‌తిఖ్‌లో మాకు మొదట నేర్పే పాఠాల్లో ఒకటి సుగ్రా, కుబ్రా, నతీజా. రెండు వాక్యాలు, వాటి నుంచి వచ్చే ఒక నిర్ధారణ. లోకంలో మనుషులు మాట్లాడేటప్పుడు తరచు ఒక వాక్యం బయటికి చెప్పి, రెండోది మనసులో దాచుకుంటారు. ఆ దాగిన వాక్యాన్ని బయటికి లాగి చూస్తే చాలు, వాదం నిలుస్తుందో కూలుతుందో తెలిసిపోతుంది.

ఆ అధికారి వాదంలో దాగి ఉన్నవి రెండు మాటలు. మొదటిది, రుజువు కానిదల్లా అబద్ధమే అన్నది. ఇది తప్పు. సాక్ష్యం మాయమైపోవచ్చు, విచారణ చేసినవాడు సరిగా చేయకపోవచ్చు, ఫిర్యాదుదారు పొరబడి ఉండవచ్చు. పొరబడటం వేరు, అబద్ధమాడటం వేరు. రెండోది, చట్టానికి ముందు వచ్చిన ఫిర్యాదుల్లో నిజం పాలు ఇంతకంటే ఎక్కువగా ఉండేదన్నది. 'అ' వాక్యం సరిగ్గా ఈ రెండోదాన్నే పడగొడుతోంది. ముందు నూటికి 40, తర్వాతా నూటికి 40. నిష్పత్తి మారలేదు. మారింది ఒక్కటే. అంతకు ముందు ఏడాదికి 40 అక్రమాలు బయటపడేచోట ఇప్పుడు 120 పడ్డాయి. అంటే మరో 80 అక్రమాల గురించి తెలిసినవాళ్ళు అప్పుడూ ఉండి ఉంటారు, భయపడి నోరు మూసుకుని ఉంటారు.

లెక్క అతనికి అర్థమైంది. తగాదా సంగతి మాత్రం మనసులోంచి పోలేదు. నిజానికి మనలో చాలామందికి పోదు.

అబద్ధాలకోరు చెప్పిన నిజం

సహీహ్ బుఖారీలో ఉన్న ఒక సంఘటన మన ఇళ్ళలో చాలామందికి తెలుసు. రమజాన్ జకాత్ ధాన్యానికి కాపలాగా హజ్రత్ అబూ హురైరా (రజి)ను దైవప్రవక్త (స) నియమించారు. రాత్రివేళ ఒకడు వచ్చి ధాన్యం దొంగిలిస్తూ పట్టుబడ్డాడు. కుటుంబం ఉందని, పేదరికమని బతిమాలుకుంటే వదిలేశారు. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ వదిలేశారు. మూడోసారి పట్టుబడినప్పుడు అతను, పడుకునే ముందు ఆయతుల్ కుర్సీ చదువుకుంటే రక్షణ ఉంటుందని చెప్పి తప్పించుకున్నాడు. దైవప్రవక్త (స) ఆ సంగతి విని, అతను అబద్ధాలకోరే అయినా ఈ విషయంలో నిజమే చెప్పాడని, వచ్చింది షైతాన్ అని తెలియజేశారు.

గమనించండి. చెప్పినవాడు షైతాన్. అయినా చెప్పిన మాట నిజమైతే అది నిజమే. అతను దొంగ అన్న సంగతీ మారలేదు, మాటలోని నిజమూ మారలేదు. రెండూ వేర్వేరు లెక్కలు.

ఖుర్‌ఆన్‌లో అల్ హుజురాత్ అధ్యాయం 6వ వచనం కూడా ఇదే దారి చూపిస్తుంది. నమ్మదగని నడవడి గలవాడు ఏదైనా వార్త తెస్తే ఏం చేయాలి? దాన్ని విసిరి పారేయమని అక్కడ లేదు. విచారించి నిర్ధారించుకోమని ఉంది, తెలియక ఎవరికైనా హాని చేసి తర్వాత పశ్చాత్తాపపడే స్థితి రాకూడదని. అంటే తగాదా ఉన్నవాడి ఫిర్యాదు వస్తే జాగ్రత్తగా పరిశీలించడానికి అది కారణమవుతుంది గానీ పరిశీలించకుండా ఉండటానికి కారణం కాదు. అసలు ఒక కార్యాలయంలో అక్రమం చేసేవాడితో తగాదా ఎవరికి వస్తుంది? చాలాసార్లు దానికి అడ్డు చెప్పినవాడికే కదా!

నర్సీపట్నం డాక్టరు

ఇవి పుస్తకాల్లో మాటలే అనుకోకండి. మన ఉత్తరాంధ్రలోనే జరిగిన ఒక సంగతి గుర్తు చేసుకుందాం. కరోనా మొదలైన రోజుల్లో, 2020 ఏప్రిల్‌లో, నర్సీపట్నం ప్రాంతీయ ఆసుపత్రిలో మత్తు డాక్టరుగా పనిచేస్తున్న డాక్టర్ సుధాకర్, వైద్యులకు సరిపడా ఎన్-95 మాస్కులు, రక్షణ దుస్తులు ఇవ్వడం లేదని బహిరంగంగా మాట్లాడారు. కొద్ది రోజుల్లోనే ఆయన సస్పెండ్ అయ్యారు. మే 16న విశాఖపట్నంలో నడిరోడ్డు మీద, చొక్కా లేకుండా, చేతులు వెనక్కి విరిచి కట్టిన స్థితిలో ఆయన్ని పోలీసులు పట్టుకుపోతున్న దృశ్యాలు దేశమంతా చూసింది. మద్యం తాగి గొడవ చేస్తున్నారని పోలీసులు చెప్పారు. ఆయన్ని మానసిక వైద్యశాలలో చేర్చారు. మే 22న రాష్ట్ర హైకోర్టు ఆ సంఘటనపై సీబీఐ విచారణకు ఆదేశించింది. 2021 మే 21న డాక్టర్ సుధాకర్ గుండెపోటుతో మరణించారు.

ఆ రోజుల్లో టీ దుకాణాల దగ్గరా, ఇళ్ళలోనూ జరిగిన చర్చ గుర్తుందా? ఆయన తాగి ఉన్నారా లేదా? ఆయన మానసిక స్థితి ఎలాంటిది? ఆయన వెనక ఏ పార్టీ ఉంది? చర్చ అంతా ఆ మనిషి చుట్టూనే తిరిగింది. మే నెలలో పోలీసులు చెప్పిందే నిజమని ఒక్క క్షణం ఒప్పుకుందాం. దానివల్ల ఏప్రిల్‌లో ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చినట్టేనా? ఆసుపత్రిలో మాస్కులు ఉన్నాయా లేవా అన్నది గోదాములోకి వెళ్ళి లెక్కపెడితే తేలే విషయం. మాస్కుల లెక్క డాక్టరు గుణగణాల మీద ఆధారపడి ఉండదు. వాదంలో మాటను వదిలి మనిషిని పట్టుకోవడం అంటే ఇదే. మన కుర్రవాడు 'ఆ' వాక్యం దగ్గర జారింది కూడా ఇక్కడే.

ఇది పరోక్ష నింద కాదా?

"మరి గీబత్ పాపం కదా మౌలానా? ఇతరుల తప్పులు కప్పిపుచ్చమనే కదా ధర్మం చెబుతోంది?" అని అతను అడిగాడు. మంచి ప్రశ్న. మన సమాజంలో నిజం చెప్పేవాడి నోరు నొక్కడానికి ఎక్కువగా వాడే మాట కూడా ఇదే.

మనిషి తన ఇంట్లో, తన ఆంతరంగిక జీవితంలో చేసిన పొరపాటును కప్పి ఉంచమన్నది ధర్మం. ఆడవారి శీలం మీద నింద వేసి నలుగురు సాక్షులను తీసుకురాలేనివాడికి ఖుర్‌ఆన్ కఠినమైన శిక్ష విధించింది. కానీ పదిమంది సొమ్ము, పదిమంది ఆరోగ్యం, పదిమంది హక్కు ఒకడి చేతిలో అమానతుగా ఉన్నప్పుడు జరిగే అక్రమం అతని ఆంతరంగిక విషయం కాదు. అక్కడ కప్పిపుచ్చడమంటే నష్టపోయినవాళ్ళ కళ్ళు కప్పడమే. ఇమామ్ నవవీ (రహ్మ) పరోక్ష నింద గురించి రాస్తూ దానికి ఆరు మినహాయింపులు చెప్పారు. అన్యాయాన్ని సరిదిద్దగలవారికి ఫిర్యాదు చేయడం, చెడును ఆపడానికి సహాయం కోరడం, ప్రజలను హాని గురించి హెచ్చరించడం వాటిలోనివే.

మరో తేడా కూడా ఉంది. అక్రమాలను బయటపెట్టేవారిని మన పత్రికలు కొన్నిసార్లు 'ప్రజావేగు' అంటుంటాయి. వేగు అంటే గూఢచారి. ఒకరి తప్పులు వెతకడానికి దొంగచాటుగా తొంగిచూడటాన్ని (తజస్సుస్) ఖుర్‌ఆన్ నిషేధించింది. కానీ లెక్కలు రాసే గుమస్తా ఎవరి ఇంట్లోకీ తొంగిచూడలేదు. అతని ముందుకు వచ్చిన కాగితంలోనే తప్పు కనిపించింది. అతను గూఢచారి కాదు, సాక్షి. సాక్ష్యాన్ని దాచడం హృదయాన్ని పాపభరితం చేస్తుందని అల్ బఖరా అధ్యాయం 283వ వచనం హెచ్చరిస్తోంది.

'ఇంటిగుట్టు లంకకు చేటు' అని మన పెద్దలు సామెత చెబుతారు. ఆలోచించండి, చేటు తెచ్చేది గుట్టు బయటపడటమా, గుట్టుగా దాచవలసిన పని చేయడమా?

ఒకే పదంలో రెండు హక్కులు

సాక్ష్యం దాచవద్దని చెప్పి ఊరుకుంటే బరువంతా సాక్షి నెత్తిన పెట్టినట్టే. ఖుర్‌ఆన్ అలా చేయలేదు. 283కు ముందున్న వచనం ఖుర్‌ఆన్‌లోకెల్లా పొడవైన వచనం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పత్రం ఎలా రాసుకోవాలి, సాక్షులు ఎవరుండాలి అన్న వివరాలు అందులో ఉన్నాయి. రాసేవాడికి గానీ సాక్షికి గానీ హాని జరగరాదన్న ఆదేశం కూడా అందులోనే ఉంది. అక్కడి అరబీ పదాన్ని వ్యాఖ్యాతలు రెండు విధాలుగా అర్థం చేసుకున్నారు. సాక్షికి ఎవరూ హాని చేయరాదన్నది ఒకటి. సాక్షి తన మాటతో ఎవరికీ హాని చేయరాదన్నది రెండోది.

నా దృష్టిలో ఈ చర్చ సారమంతా ఆ ఒక్క పదంలోనే ఉంది. సాక్షిని కాపాడాలి, సాక్ష్యాన్ని పరీక్షించాలి. ఒకటి చేస్తే రెండోది మానుకోవాలనుకోవడమే మన పొరపాటు. ఫిర్యాదుదారుకు రక్షణ ఇచ్చినంత మాత్రాన అతని మాటను కళ్ళు మూసుకుని నమ్మినట్టు కాదు. పరీక్ష పూర్తయ్యేదాకా అతన్ని బతకనివ్వడం మాత్రమే.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో కూఫా ప్రజలు తమ గవర్నరు హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) మీద ఫిర్యాదు చేశారు. స్వర్గ శుభవార్త పొందిన పదిమందిలో ఒకరాయన. నమాజు కూడా సరిగా చేయించడం లేదన్నంత దూరం వెళ్ళింది ఆరోపణ. 'అంతటివారి మీద నోరెత్తుతారా?' అని ఖలీఫా గద్దించలేదు. మనుషులను పంపి కూఫాలోని మస్జిదు మస్జిదుకూ తిప్పి ప్రజలను అడిగించారు. అందరూ మెచ్చుకోగా ఒకడు మాత్రం నింద వేశాడు. ఆ ఆరోపణలు నిలవలేదు. సఅద్ (రజి)ను తాను తప్పించింది అసమర్థత వల్లా కాదు, నమ్మకద్రోహం వల్లా కాదని ఉమర్ (రజి) తర్వాత స్పష్టం చేశారు. విచారణ వల్ల నిర్దోషి గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. ఫిర్యాదుల తలుపు మూసి ఉంటే ఆ అనుమానం అలాగే మిగిలిపోయేది.

మన దేశంలో ఆ తలుపు సగమే తెరుచుకుంది. జాతీయ రహదారుల ప్రాజెక్టులో ఇంజనీరుగా ఉన్న సత్యేంద్ర దూబే అక్రమాల గురించి 2002లో ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. తన పేరు రహస్యంగా ఉంచమని కోరారు. అది రహస్యంగా ఉండలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయన హత్యకు గురయ్యారు. అది దోపిడీ దొంగల పని అని సీబీఐ తేల్చింది, 2010లో కోర్టు ముగ్గురికి శిక్ష వేసింది. హత్యకు కారణం ఏదైనా, పేరు దాచమన్న విన్నపాన్ని మన్నించకపోవడం మాత్రం వాస్తవం. ఆ ఆగ్రహం ఫలితంగానే 2004లో ఇలాంటి ఫిర్యాదుల బాధ్యతను కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు అప్పగించారు. తర్వాత చట్టం తయారైంది. లోక్‌సభ 2011 డిసెంబరులో, రాజ్యసభ 2014 ఫిబ్రవరిలో ఆమోదించాయి. ఆ ఏడాది మేలో రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. కానీ దాన్ని అమల్లోకి తెచ్చే ప్రకటన వెలువడలేదు.

ఆ చట్టంలో రెండు వైపులూ ఉన్నాయి. ఫిర్యాదుదారును వేధించకూడదు. తెలిసి తెలిసి దురుద్దేశంతో అబద్ధపు ఫిర్యాదు చేస్తే రెండేళ్ళ దాకా జైలు. ఇది న్యాయమే. అయితే పేరు చెప్పని ఫిర్యాదును అసలు పట్టించుకోనక్కర లేదని కూడా అందులో ఉంది. ఇక్కడ మాత్రం నాకు ఒక అభ్యంతరం ఉంది.

హదీసు శాస్త్రంలో చెప్పినవాడెవరో తెలియకపోతే ఆ ఉల్లేఖనాన్ని బలహీనమైనదిగా లెక్కిస్తారు. ఎందుకంటే అక్కడ మనకున్న ఆధారం ఉల్లేఖకుల పరంపరే. కానీ కొన్ని మాటలకు చెప్పినవాడితో పనిలేని రుజువు ఉంటుంది. 2008 డిసెంబరులో హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ డైరెక్టర్లలో ఒకరికి మారుపేరుతో ఒక ఈమెయిలు వచ్చింది, కంపెనీ లెక్కల్లో మోసం ఉందని. రాసిందెవరో తెలియదు. కానీ బ్యాంకులో డబ్బు ఉందో లేదో చెప్పవలసింది ఆ మెయిలు రాసినవాడు కాదు, బ్యాంకు. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తానే లేఖ రాసి, నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనివి ఉన్నట్టు చూపించామని ఒప్పుకున్నారు. పేరు లేదని ఆ మెయిలును పక్కన పడేసినవాడు తర్కం పాటించినట్టా, తప్పినట్టా?

నేను మూసుకున్న నోరు

ఇంత చెప్పిన నేను ఒక తప్పు ఒప్పుకోవాలి. చదువు ముగిశాక కొత్తలో ఒక ఊరి మదరసాలో పాఠాలు చెప్పేవాణ్ణి. అక్కడ లెక్కలు రాసే ఒక పెద్దాయన, రమజాన్‌లో వసూలైన జకాత్ సొమ్ములో మూడు పద్దులు పేదలకు వెళ్ళలేదని, వేరే ఖర్చులకు వాడారని కమిటీ ముందు పెట్టాడు. వాటిలో ఒక పద్దు విషయంలో ఆయన పొరబడ్డాడు. దానికి రసీదు దొరికింది. ఇంకేముంది, 'చూశారా, అబద్ధం చెప్పాడు' అన్నారు. మిగతా రెండు పద్దుల సంగతి ఎవరూ అడగలేదు. ఫిత్నా రేపుతున్నాడన్నారు. ఆయన సలాముకు జవాబివ్వడం కూడా కొందరు మానేశారు. రెండు నెలలకు ఆయన పని వదిలి వెళ్ళిపోయాడు.

సుగ్రా, కుబ్రాలు పాఠం చెబుతూ నేను అక్కడే కూర్చుని ఉన్నాను. మూడింటిలో ఒకటి తప్పయితే మిగతా రెండూ తప్పయిపోవని నాకు తెలుసు. ఆ ఒక్క వాక్యం పైకి అనలేకపోయాను. నా జీతం ఆ కమిటీ చేతిలో ఉంది. ఆ రోజు నాకు తర్కం తెలియక కాదు, ధైర్యం లేక నోరు మూసుకున్నాను. మన ఇళ్ళలో 'కళ్ళు మూసుకుని పని చేసుకో' అనే తండ్రుల మీద అందుకే నాకు కోపం రాదు. వాళ్ళు పిల్లలకు దుర్మార్గం నేర్పాలని అనరు. నిజం చెప్పినవాడి గతి ఏమవుతుందో చూసి అంటారు. ఆ గతిని అలా చేసింది మనమే కదా!

కుర్రవాడికి చెప్పింది

చివరికి అతనికి చెప్పింది ఇది. బాబూ, రేపు ఉద్యోగంలో చేరాక తప్పు వెతుక్కుంటూ తిరగకు, అది నీ పని కాదు. కానీ నీ బల్ల మీదకు వచ్చిన కాగితంలో తప్పు కనిపిస్తే చూడనట్టు నటించకు. ముందు నువ్వు చూసినదేదో, ఊహించినదేదో విడివిడిగా రాసుకో. ఊహను చూసినట్టు చెప్పకు. తర్వాత దాన్ని సరిదిద్దగలవారికి చెప్పు. వారే అందులో ఉంటే వారి పైవారికి చెప్పు. నీ మనసులో ఎవరి మీదైనా కక్ష ఉంటే దాన్ని అల్లాహ్ ముందు ఒప్పుకో. అయితే కక్ష ఉంది కదా అని నిజాన్ని దాచుకోకు. నష్టం రావచ్చు. రాదని నేను మాటివ్వలేను.

మనకు, అంటే పెద్దలకు, చెప్పుకోవలసింది వేరే ఉంది. కార్యాలయాల్లో చట్టం అమలు చేయడం మన చేతిలో లేకపోవచ్చు. మన మస్జిదు కమిటీ, మదరసా కమిటీ, మన దుకాణం, మన ఇల్లు మన చేతిలోనే ఉన్నాయి. అక్కడ ఎవరైనా లేచి లెక్క అడిగితే ముందు 'ఇతనెవరు?' అనకుండా 'లెక్క తీయండి' అందాం. తప్పు తేలకపోతే అడిగినవాడికి శాంతంగా చూపించి పంపుదాం. తేలితే సరిదిద్దుకుందాం. రెండు సందర్భాల్లోనూ అతని సలాముకు జవాబిద్దాం. అప్పుడు హరిశ్చంద్రపురం తండ్రి తన కొడుకుతో వేరే మాట చెప్పగలుగుతాడు.

కుర్రవాడు 'అ' పక్కన టిక్కు పెట్టుకుని, పుస్తకం మూసి లేచాడు. "ఆ లెక్కలు రాసిన పెద్దాయన ఇప్పుడెక్కడున్నారు మౌలానా?" అని అడిగాడు. తెలియదన్నాను. ఆయన్ని వెతికి క్షమాపణ అడగవలసిన బాధ్యత నా మీద ఉందని అతనితో అనలేదు గానీ, ఇక్కడ రాస్తున్నాను.

నిజం చెప్పే ధైర్యాన్నీ, చెప్పినవారికి అండగా నిలిచే ధైర్యాన్నీ అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.